పట్టాదారు ఒకరు, అనుభవదారు ఒకరు: సైప్రస్‌లో ఆరు రోజులు

మొదటి రోజు, నికోసియా

సర్వే, భూరికార్డుల శాఖలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు గొలుసు పట్టినవాడు ఏ ఊరికి వెళ్ళినా గుడికంటే ముందు హద్దురాళ్ళు చూస్తాడని మా ఇంట్లో ఒక ఎత్తిపొడుపు ఉంది. మా అబ్బాయి ఉద్యోగరీత్యా సైప్రస్‌లోని లిమసోల్‌కు చేరి మూడేళ్ళయింది. "నాన్నా, ఇక్కడ మీరు చూడవలసిన హద్దు ఒకటుంది, దాన్ని పెన్సిలుతో గీశారట" అని వాడు ఫోనులో చెప్పిన రోజునే నా ప్రయాణం ఖాయమైంది.

మన అడంగల్‌లో (ఊరి భూముల లెక్కలో) పట్టాదారు, అంటే హక్కు ఉన్నవాడి పేరుకు ఒక గడి, అనుభవదారు, అంటే నేలను వాడుకుంటున్నవాడి పేరుకు మరొక గడి ఉంటాయి. రెండింట్లోనూ ఒకే పేరు ఉన్నంతకాలం ఆ కాగితాన్ని ఎవరూ తెరిచి చూడరు. పేర్లు వేరైన నాడు మాత్రం అన్నదమ్ములు సైతం కోర్టు మెట్లెక్కుతారు. సైప్రస్‌లో 1974 నుంచి వేల ఇళ్ళకు, తోటలకు, పొలాలకు ఈ రెండు గడుల్లో రెండు సమాజాల పేర్లు ఉన్నాయి. ఉత్తరాన పట్టాదారు గ్రీకు సైప్రియట్, అనుభవదారు తుర్కు సైప్రియట్. దక్షిణాన కొన్నిచోట్ల సరిగ్గా దానికి తలకిందులు.

బ్రిటిషువారి నుంచి 1960లో స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్ళకే రెండు సమాజాల మధ్య నెత్తురు పారింది. 1963 డిసెంబరు 30న పీటర్ యంగ్ అనే బ్రిటిషు మేజర్ జనరల్ నికోసియా పటం మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీశాడు కాబట్టి అది గ్రీన్ లైన్ అయింది. ఆ అలజడిలోనే సుమారు పాతికవేల మంది తుర్కు సైప్రియట్లు ఊళ్ళు వదిలి కాపు ఉన్న వాడలకు చేరారు. దక్షిణాన ఆస్తుల కథను చాలామంది 1974తోనే మొదలుపెడతారు, ఉత్తరాన 1963తో మొదలుపెడతారు. తారీఖు ఎక్కడ మొదలుపెట్టారో వింటే మనిషి ఎటువైపువాడో తెలిసిపోతుంది. 1974 జూలై 15న ఏథెన్స్ సైనిక పాలకుల అండతో తిరుగుబాటు జరిగింది. ఐదు రోజుల తరువాత తుర్కు సైన్యం దిగి, ఆగస్టు నాటికి ద్వీపంలో మూడో వంతుకు పైగా పట్టుకుంది. లక్షా అరవై వేల మంది గ్రీకు సైప్రియట్లు దక్షిణానికీ, దాదాపు నలభై ఐదు వేల మంది తుర్కు సైప్రియట్లు ఉత్తరానికీ తరలారు. పెన్సిలు గీత నూట ఎనభై కిలోమీటర్ల పొడవున ద్వీపాన్ని రెండుగా కోసింది.

ఆ గీత మీద ఐక్యరాజ్యసమితి దళానికి 1964లో మొదట నాయకత్వం వహించింది మన జనరల్ జ్ఞానీ. ఆయన తరువాత వచ్చిన జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో ఇక్కడే కన్నుమూశారు, ఆయన బొమ్మతో సైప్రస్ తపాలా బిళ్ళ కూడా విడుదల చేసింది. 1974 నాటి దళపతి దివాన్ ప్రేమ్‌చంద్ కూడా మనవాడే.

సాయంత్రం లెడ్రా వీధిలో నడిచాను. బట్టల దుకాణాలు, ఐస్‌క్రీం బండ్లు, ఆ పక్కనే పోలీసు గూడు. కొద్ది అడుగుల ఎవరికీ చెందని నేల, మళ్ళీ ఇంకో గూడు. ఈ దారి 2008 ఏప్రిల్‌లో తెరిచారు. వెనక వచ్చిన భోజనం డెలివరీ కుర్రాడు ఫోనులో "ఇంకా రెండు ఆర్డర్లున్నాయే, నువ్వు తినేసి పడుకో" అన్నాడు, అచ్చం కాకినాడ యాసలో. అతడు పక్క సందుకు మళ్ళాడు, నేను గీత దాటాను.

నాకు ఇక్కడ అన్నిటికంటే నచ్చింది కంటికి కనిపించనిది. ఊరు రెండుగా చీలినా మురుగు కాలువలు చీలలేదు. నేల వాలు ఉత్తరానికి ఉంది, శుద్ధి చేసే కేంద్రమూ అటే ఉంది. అందుకని 1970ల చివర దక్షిణ నికోసియా మేయరు లెల్లోస్ దిమిత్రియాదిస్, ఉత్తర నికోసియా మేయరు ముస్తఫా అకింజీ, తమ నాయకులు మాట్లాడుకోని రోజుల్లోనే, మురుగు వ్యవస్థను ఉమ్మడిగా నడపడానికి ఒప్పుకున్నారు. వాలును ఎవరూ కాదనలేరు కదా.

రెండవ రోజు, నికోసియా

మా అబ్బాయికి తెలిసిన ఒక న్యాయవాది కార్యాలయంలో పగలంతా గడిచింది. హక్కుపత్రాన్ని తుర్కు సైప్రియట్లు కొచాన్ అంటారు, గ్రీకు సైప్రియట్లు కొచాని అంటారు. ఒట్టోమన్ కాలం నుంచి వచ్చిన ఈ ఒక్క మాటను రెండు వైపులా ఎవరూ మార్చుకోలేదు. ద్వీపాన్ని 1878లో బ్రిటిషువారు తీసుకోగానే కొలిచింది కిచెనర్, తరువాత సేనాధిపతిగా పేరుమోసిన ఆ కిచెనరే. కొలత దోనుంలలో ఉంటుంది. ఒక దోనుం 14,400 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో 33 సెంట్లు. అందులో నాలుగో వంతు ఒక ఎవ్లెక్. నేను కాగితం మీద సెంట్లలోకి మార్చి చూపిస్తే న్యాయవాది నవ్వి, తన గుమాస్తాను కూడా పిలిచి చూపించారు.

దక్షిణాన వదిలి వెళ్ళిన తుర్కు సైప్రియట్ల ఆస్తులకు 1991 నాటి చట్టం ప్రకారం హోంమంత్రి సంరక్షకుడు. హైదరాబాదు పాతవాళ్ళకు "కస్టోడియన్" అన్న మాట గుర్తుంటుంది. దేశ విభజన తరువాత వెళ్ళిపోయినవారి ఆస్తులను 1950 చట్టం ఆ అధికారి చేతిలో పెట్టింది. అయితే మన దగ్గర 1954లో వచ్చిన మరో చట్టంతో ప్రభుత్వం ఆ ఆస్తులను స్వాధీనం చేసుకుని యజమాని హక్కునే తుడిచేసింది. ఇక్కడ పట్టా గడిలో పేరు అలాగే ఉంటుంది, అమ్ముకునే, అనుభవించే అధికారం మాత్రం పరిష్కారం వచ్చేదాకా చాలావరకు ఆగిపోయింది. ఆ ఇళ్ళలో ఉత్తరం నుంచి వచ్చిన శరణార్థులు ఉంటున్నారు.

ఉత్తరాన వేరే దారి పట్టారు. దక్షిణాన పోగొట్టుకున్న ఆస్తికి విలువ కట్టి మార్కులు వేసి, 1977 నాటి చట్టం కింద ఆ మార్కులకు బదులుగా గ్రీకు సైప్రియట్ల ఇళ్ళు, పొలాలు ఇచ్చి, కొత్త కొచాన్లు రాసేశారు. అందువల్ల అక్కడ కొచాన్లు అన్నీ ఒకటి కావు. 1974కు ముందే తుర్కు సైప్రియట్ పేరున ఉన్నది ఒక రకం, మార్పిడి కింద వచ్చినది రెండో రకం, కేవలం కేటాయింపుగా వచ్చినది మూడో రకం; ఇంటి ధర కూడా ఆ వరుసలోనే దిగుతుంది. స్థలాల ప్రకటనల్లో మొదటి రకాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తారంటే, మిగిలిన రెండు రకాల గురించి కొనేవాడి మనసులో ఏముందో అర్థమవుతుంది.

కోర్టుల కథ ఉత్తర తీరపు కిరీనియాకు చెందిన టిటినా లోయిజిదు అనే మహిళతో మలుపు తిరిగింది. తన స్థలాలకు తనను వెళ్ళనివ్వడం లేదని ఆమె తుర్కీ మీద ఫిర్యాదు చేస్తే, యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1996లో ఆమె ఇంకా యజమానురాలేనని తేల్చి, 1998లో పరిహారం నిర్ణయించింది. తుర్కీ ఆ సొమ్మును 2003 డిసెంబరులో గాని చెల్లించలేదు. ఆ వెనకే కేసులు వెల్లువెత్తడంతో ఉత్తరాన 2006లో స్థిరాస్తి కమిషన్ పని మొదలుపెట్టింది. ఆస్తి వాపసు, మార్పిడి, సొమ్ము అనే మూడు దారుల్లో ఒకటి అడగవచ్చు. ఏడు వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, తేలినవాటిలో అత్యధికం సొమ్ముతోనే ముగిశాయి. 2010లో అదే న్యాయస్థానం, ముందు ఆ కమిషన్‌కు వెళ్ళి రండని చెప్పింది. ఇన్ని దశాబ్దాల తరువాత ఇప్పుడు ఉంటున్నవారి బతుకులను లెక్కలోకి తీసుకోకుండా అందరినీ ఖాళీ చేయించమనడం సరికాదని కూడా అన్నది. ఈ మాట దక్షిణాన చాలామందికి మింగుడు పడలేదు. నాకు మాత్రం, అనుభవదారు గడిని ఒక కోర్టు మొదటిసారి చదివినట్టు అనిపించింది. చదవడం వేరు, ఆ గడిలోని పేరును పట్టా గడిలోకి ఎక్కించడం వేరు. ఆ తేడా మా శాఖలో గుమాస్తాలకు కూడా తెలుసు.

మూడవ రోజు, లపిథోస్

నేను బస చేసిన ఇంటి యజమాని విశ్రాంత ఉపాధ్యాయుడు. ఉత్తర తీరాన కొండవాలులో ఉన్న లపిథోస్ ఆయన సొంత ఊరు. తుర్కు భాషలో లాప్తా. 1974లో ఆయనకు పదిహేడేళ్ళు. నేను సర్వేయరునని తెలిసిన రాత్రే తలుపు తట్టి, "రేపు నాతో వస్తారా? మా ఇంట్లో ఉంటున్నాయనకు హద్దు తగాదా వచ్చింది, నన్ను రమ్మన్నాడు" అన్నారు. వాక్యం సరిగ్గా విన్నానా అని మళ్ళీ అడిగాను. సరిగ్గానే విన్నాను.

చెక్‌పోస్టు దగ్గర కారుకు ఉత్తరం వైపు బీమా విడిగా కట్టి, పెంతదాక్తిలోస్ కొండల మీదుగా కిరీనియా దిగి, సముద్రం వెంట పడమటికి వెళ్ళాం. దారి పొడవునా కొత్త విల్లాలు. ఓరమ్స్ అనే బ్రిటిషు దంపతులు ఇల్లు కట్టుకున్నది ఈ లపిథోస్ నేలలోనే. ఆ స్థలం పట్టాదారు అపోస్తొలిదిస్ అనే గ్రీకు సైప్రియట్. ఆయన 2004లో దక్షిణ నికోసియా కోర్టుకు వెళ్ళి ఇల్లు కూల్చి స్థలం అప్పగించాలన్న ఆజ్ఞ తెచ్చుకున్నారు. దాన్ని బ్రిటనులో కూడా అమలు చేయవలసిందేనని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2009లో చెప్పింది. 2024 నుంచి ఇలాంటి స్థలాలు అమ్ముతున్న విదేశీయులను దక్షిణాన అరెస్టు చేయడం కూడా మొదలైంది. అయినా క్రేన్లు ఆగినట్టు నాకు కనిపించలేదు.

ఇంట్లో ఉంటున్న పెద్దాయనకు డెబ్బయి ఐదు దాటాయి. పాఫోస్ ప్రాంతపు పల్లె నుంచి 1975లో ఉత్తరానికి చేరినవాడు, చిన్ననాటి గ్రీకు ఇంకా ధారాళంగా మాట్లాడతాడు. ఆయన చెప్పేది ఉపాధ్యాయుడు నాకు ఇంగ్లీషులో చెప్పేవారు. సరిహద్దులు తెరిచిన 2003 ఏప్రిల్‌లో, వేలమందితో పాటు వరుసలో నిలబడి ఉపాధ్యాయుడు మొదటిసారి ఈ ఇంటికి వచ్చారట. ఆ రోజు పెద్దాయన తలుపు తీసి, "మీరు ఎవరో నాకు తెలుసు, గోడ మీద మీ ఫోటో ఉండేది" అని లోపలికి రమ్మని, అటకమీద దాచిన పెళ్ళి ఫోటో తెచ్చి ఇచ్చాడు. "ఇల్లు మీది" అని కూడా అన్నాడు. ఆ మాట అన్నాక తాను ఖాళీ చేస్తానని అనలేదు, ఉపాధ్యాయుడు అడగనూ లేదు.

ఇప్పటి తగాదా తూర్పు హద్దు మీద. పక్క స్థలంలో విల్లాలు కడుతున్నవాళ్ళు తోటలోకి మేకులు పాతారు. పెద్దాయన కొత్త కొచాన్‌లో విస్తీర్ణం ఉంది, గుర్తులు లేవు. ఉపాధ్యాయుడు జేబులోంచి వాళ్ళ నాన్న పాత కొచాని తీశారు. మడతల దగ్గర చిరిగి, వెనక గుడ్డ అతికించి ఉంది. షీటు, ప్లాను, ప్లాటు నంబర్లు; రెండు దోనుంలు, ఒక ఎవ్లెక్; చివర నీటి వంతు, పదకొండు రోజులకొకసారి మూడు గంటలు. లపిథోస్‌కు పైనున్న ఊట నీరే ప్రాణం. ఇక్కడ నీటి గంటలు కూడా నేలతో పాటు ఆస్తిగా నమోదయ్యేవి. వంతులవారీ పారకం మన దగ్గరా ఉంది, గొడవలూ అచ్చం ఇలాంటివే.

పెద్దాయన ఆ చివరి పంక్తి దగ్గర ఆగాడు. ఏభై ఏళ్ళుగా ఈ తోటకు నీరు పెడుతున్నాడు గాని, కాలువ చీలే చోట రాతికి చెక్కిన గాటు ఎందుకుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఉపాధ్యాయుడు మోకాళ్ళ మీద కూర్చుని గాటులో వేలు పెట్టి, పలక ఇక్కడ దించితే నీరు మనకు, ఇక్కడ ఎత్తితే కింది తోటకు అని చూపించారు. "మనకు" అన్నారు, నేను విన్నాను.

ఆ చీలిక దగ్గర నుంచే కొలత మొదలుపెట్టాను. ప్లాను నకలులో కాలువ వంపు ఉంది, వంపు నుంచి తూర్పు మూలకు దూరం ఉంది. టేపు ఒక కొస పెద్దాయన పట్టుకున్నాడు, రెండో కొస ఉపాధ్యాయుడు. మూడుసార్లు కొలిచి, రెండు కొలతలు కలిసిన చోట గునపం వేయించాను. జానెడు లోతున చెక్కిన రాయి తగిలింది, ఒక పక్క సున్నం ఇంకా అంటుకుని ఉంది. విల్లావాళ్ళ మేకులు ఆ రాయికి లోపల తొమ్మిది అడుగుల దూరంలో ఉన్నాయి.

పెద్దాయన ఆనందంగా కాఫీ పెట్టించాడు. ఉద్యోగ బుద్ధి నన్ను ఊరుకోనివ్వలేదు, ఈ తొమ్మిది అడుగులు గెలిస్తే ఎవరి పేరున గెలిచినట్టు అని అడిగేశాను. ఉపాధ్యాయుడు దాన్ని గ్రీకులోకి మార్చి చెప్పలేదు. ఉత్తరపు రికార్డులో అది పెద్దాయనది, దక్షిణపు రికార్డులో ఉపాధ్యాయుడిది, పక్కనున్న మేకులవాడికి రెండు రికార్డులూ పట్టవు. కాఫీ చల్లారాక పెద్దాయన లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో పాఫోస్ దగ్గరి తన ద్రాక్షతోట కొచాన్ ఉంది. మార్కుల కింద దాన్ని వదులుకున్నట్టు 1970లలో సంతకం చేశాడు, కాగితం మాత్రం వదులుకోలేదు. ఆ తోటలో ఇప్పుడు ఉత్తరాన ఉన్న మొర్ఫూ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబం ఉంటోంది. ఉపాధ్యాయుడు ఒకసారి అటు వెళ్ళి తీసుకొచ్చిన ఫోటో కూడా అదే డబ్బాలో ఉంది.

నాలుగవ రోజు, ఫమగుస్తా

కోట లోపలి పాత ఊరు బాగుంది, కానీ నా మనసు దాని దక్షిణాన ఉన్న వరోషాలోనే తిరిగింది. 1974 ఆగస్టులో జనం కట్టుబట్టలతో వెళ్ళిపోయాక సైన్యం కంచె వేసి మూసేసిన విహార నగరం ఇది. అక్కడి వాసులు కానివారిని ఇందులో స్థిరపరచడం తగదని భద్రతామండలి 1984లో 550వ తీర్మానంలో చెప్పింది. 2020 అక్టోబరులో సముద్రపు ఒడ్డు, రెండు మూడు వీధులు సందర్శకులకు తెరిచారు. కొత్త తారు రోడ్డు మీద అద్దె సైకిళ్ళు తిరుగుతున్నాయి. తాడు అవతల హోటళ్ళ బాల్కనీలు ఊడి ఇనుప ఊచలు వేలాడుతున్నాయి, ఒక మెట్లదారి మధ్యలోంచి అంజూర చెట్టు పైకి లేచింది.

అనుభవదారు గడి ఖాళీగా ఉన్న చోట పరిష్కారం సులువనుకున్నాను. ఇక్కడి నేల ఒట్టోమన్ కాలపు ధర్మాదాయ భూమి కాబట్టి తమదేనని ఎవ్‌కాఫ్ అనే వక్ఫ్ సంస్థ వాదిస్తోందని చెప్పారు. వక్ఫ్ భూమి తగాదాలు తెలిసిన తెలంగాణవాళ్ళకు ఈ ముడి ఎంత గట్టిదో వేరే చెప్పనక్కరలేదు. సెల్ఫీలు తీసుకుంటున్న గుంపులో ఒక ముసలామె కదలకుండా నిలబడి ఒకే మేడను చూస్తోంది. ఆమెను పలకరించే ధైర్యం నాకు లేకపోయింది.

ఐదవ రోజు, పిలా

రెండు సమాజాలూ నేటికీ కలిసి ఉంటున్న పల్లె, ఐక్యరాజ్యసమితి కాపు కాసే మధ్యస్థ మండలంలో ఉంది. కూడలిలో ఒకవైపు గ్రీకు కాఫీ కొట్టు, ఎదురుగా తుర్కు కాఫీ కొట్టు, మేడ మీద నుంచి చూస్తున్న శాంతిదళం. నేను రెండు కొట్లలోనూ తాగాను. కాఫీ రుచి ఒకటే, పేరే వేరు. ఇక్కడ ఎవరి ఇల్లు వారిదే కాబట్టి ఆస్తి గొడవ ఉండదని అనుకోకూడదు. 2023 ఆగస్టులో ఉత్తరం వైపు నుంచి ఈ ఊరికి రోడ్డు వేయబోతే అడ్డుకున్న శాంతిసైనికులు దెబ్బలు తిన్నారు. ఇంతకంటే పిలాలో నేను చూసింది ఏమీ లేదు; ఎండ ఎక్కువగా ఉంది.

ఆరవ రోజు, మళ్ళీ నికోసియా

లెడ్రా ప్యాలెస్ ఒకప్పటి పెద్ద హోటలు, తరువాత శాంతిదళాల నివాసం. దాని ఎదుట మధ్యస్థ మండలంలోనే 2011లో తెరిచిన సహకార కేంద్రంలో రెండు వైపులవాళ్ళూ కలుసుకుంటారు. ఉపాధ్యాయుడు నన్ను అక్కడికే రమ్మన్నారు.

2004 ఏప్రిల్ 24న ద్వీపాన్ని మళ్ళీ ఒకటి చేసే ఐక్యరాజ్యసమితి పథకం మీద రెండు వైపులా ఓటు జరిగింది. దాని ప్రకారం ఆస్తి పోగొట్టుకున్న వ్యక్తికి విస్తీర్ణంలోనూ విలువలోనూ మూడో వంతు తిరిగి వస్తుంది, మిగిలినదానికి పరిహారం. తాను కట్టిన ఇల్లు, లేదా పదేళ్ళు నివసించిన ఇల్లు అయితే దానితో పాటు ఒక దోనుం నేల. ఉత్తరాన 65 శాతం ఔనన్నారు, దక్షిణాన 76 శాతం కాదన్నారు. ఉపాధ్యాయుడు కాదన్నారు, పెద్దాయన ఔనన్నాడు. "ఆస్తి లెక్కలు చూసి కాదనలేదు, సైన్యం వెళుతుందన్న నమ్మకం లేక కాదన్నాను. ఇప్పుడైతే ఏమంటానో తెలియదు" అన్నారు. తరువాతి చర్చలు కూడా 2017 జూలైలో స్విట్జర్లాండులో చెడిపోయాయి. ఆ చర్చల పత్రాల్లో వాడుకలో ఉన్న మాటలు రెండు: ఆస్తి కోల్పోయిన యజమాని, ప్రస్తుత వాడకందారు. మన అడంగల్ గడుల పేర్లే ఇవి అని నేను చెబితే ఆయన తెలుగు మాటలు పలికి చూశారు. "పట్టాదారు" సులువుగానే వచ్చింది.

అక్కడి నుంచి పడమరగా వెళితే మూతబడిన పాత విమానాశ్రయం. ఆ ఆవరణలో రెండు సమాజాల శాస్త్రజ్ఞులు కలిసి, తప్పిపోయినవారి ఎముకలను గుర్తించే ప్రయోగశాల నడుపుతున్నారు. తప్పిపోయినవారి జాబితాలో 2,002 పేర్లున్నాయి, ఇరువైపులవారివీ. వెయ్యికి పైగా పేర్లకు ఎముకలు దొరికాయి. అవీ ఎవరో ఒకరి పొలంలో తవ్వితేనే దొరకాలి.

నేను తోట పటం గీసి రెండు ప్రతులు తయారు చేశాను. కాలువ చీలిక, గాటు, రాయి, తూర్పు మూల, అన్నీ గుర్తులతో. యజమాని పేరు రాయవలసిన చోట ఏమి రాయమంటారని అడిగితే ఉపాధ్యాయుడు ప్లాటు నంబరు రాయమన్నారు. అప్పుడే పెద్దాయన ఫోను చేశాడు. ఇద్దరూ గ్రీకులో కాసేపు మాట్లాడుకుని, ఒకటి రెండుసార్లు నవ్వుకున్నారు. మేకులవాడు వచ్చి రాయిని చూసి వెళ్ళాడట, ఇంకా ఏమీ తేల్చలేదట. పటంలో దూరాలు మీటర్లలో వద్దట, అడుగుల్లో కావాలట. తన చిన్నప్పుడు అడుగుల్లోనే కొలిచేవారట. నేను మళ్ళీ లెక్క కట్టి రెండు ప్రతుల్లోనూ అడుగుల్లో రాశాను.